కాలిన పల్లెల్లో రాట్నం పెట్టిన ఎమిలీ హాబ్‌హౌస్

1905 మార్చిలో దక్షిణాఫ్రికాలోని ఫిలిప్పోలిస్ అనే చిన్న ఊళ్లో ఒక బడి తెరిచారు. పలకా బలపాల బడి కాదది, రాట్నాలూ మగ్గాలూ పెట్టిన బడి. చేరినవాళ్లు రైతుల ఆడపిల్లలు. ఉన్ని ఏకడం, వడకడం, నేయడం నేర్పడానికి వేల మైళ్ల అవతలి ఇంగ్లండు నుంచి నలభై నాలుగేళ్ల ఆడమనిషి ఓడెక్కి వచ్చింది. మూడేళ్ల కిందటిదాకా ఆ సీమలో ఇళ్లూ గాదెలూ తగలబెట్టింది ఆమె దేశపు సైన్యమే. ఆమె పేరు ఎమిలీ హాబ్‌హౌస్.

1860 ఏప్రిల్ 9న కార్న్‌వాల్‌లో ఒక చర్చి గురువు ఇంట పుట్టింది. తల్లి పోయాక ముసలి తండ్రికి సేవ చేస్తూ ముప్పై అయిదేళ్లొచ్చేదాకా ఊరు దాటలేదు. 1895లో తండ్రి పోయాడు. అప్పుడు అమెరికాలోని మిన్నెసోటాకు, గని కార్మికుల మధ్య పనిచేయడానికి వెళ్లింది. అక్కడ కుదిరిన పెళ్లి తప్పిపోయింది, మెక్సికోలో భూమి మీద పెట్టిన డబ్బూ పోయింది. 1898లో ఉత్త చేతులతో ఇంటికి చేరింది. మరొకరైతే అక్కడితో మూల కూర్చునేవారే.

1899 అక్టోబరులో బోయర్ యుద్ధం వచ్చింది. బోయర్లంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్ల రైతులు. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే వాళ్ల రెండు రాజ్యాలనూ, ట్రాన్స్‌వాల్ బంగారు గనులనూ బ్రిటిష్ సామ్రాజ్యం మింగాలనుకుంది. బోయర్లు గుర్రాలెక్కి గెరిల్లా పోరాటం చేస్తుంటే పట్టుకోవడం చేతగాక, ఫీల్డ్ మార్షల్ రాబర్ట్స్, ఆయన తర్వాత కిచెనర్ పల్లెల మీద పడ్డారు. దాదాపు 30 వేల కమతాల్లో ఇళ్లు కాల్చారు. పంట తగలబెట్టారు, గొడ్డూ గోదా నరికారు. ఆడవాళ్లనూ పిల్లలనూ బళ్లకెక్కించి ముళ్లకంచెల నడుమ గుడారాల్లో పడేశారు.

ఈ కబురు విని ఎమిలీ చందాలు పోగుచేసి 1900 డిసెంబరులో ఓడెక్కింది. ఒక రైలు పెట్టె నిండా బట్టలు, తిండి సామాను వేసుకుని 1901 జనవరిలో బ్లూమ్‌ఫోంటైన్ శిబిరానికి చేరింది. ఒక్కో గుడారంలో పదేసి, పన్నెండేసి మంది. నీళ్లు చాలవు, సబ్బు ఇవ్వరు. మగవాడు ఇంకా పోరాడుతుంటే ఆ ఇంటి పిల్లలకు రేషన్‌లో కోత! శిబిరం తర్వాత శిబిరం తిరిగి చూసింది, లెక్క రాసుకుంది, లండన్ వచ్చి అచ్చు వేయించింది. పాలకవర్గ పత్రికలు ఆమెను దేశద్రోహి అన్నాయి. ఆ అక్టోబరులో మళ్లీ వెళ్తే కేప్‌టౌన్‌లో ఒడ్డు దిగనివ్వలేదు. ఒంట్లో బాగాలేదన్నా వినకుండా, సైనికుల చేత ఎత్తించి ఇంకో ఓడలో పడేసి వెనక్కి పంపారు.

1902 మేలో యుద్ధం ముగిసేనాటికి ఆ శిబిరాల్లో 26 వేలకు పైగా ఆడవాళ్లు, పిల్లలు చచ్చిపోయారు. అందులో 22 వేలమంది పదహారేళ్ల లోపు పిల్లలు.

మన కార్యకర్తలు బాగా చూడాల్సింది ఆ తర్వాత ఆమె చేసిన పని. 1903లో మళ్లీ వెళ్లి కాలిన పల్లెలన్నీ బండి మీద తిరిగింది. దుక్కి దున్నడానికి ఎడ్లు లేని రైతుల కోసం ఎడ్ల జతలు ఏర్పాటు చేయించింది. కానీ ఇంట్లో ఆడపిల్లల సంగతి? పెళ్లి చేసుకోవాల్సినవాడు యుద్ధంలో పోయాడు, పొలం బీడు పడింది, చేతికి పనిలేదు. రోజూ రొట్టెలు పంచితే ఎన్నాళ్లు పంచుతారు?

ఇక్కడో మాట చెప్పుకోవాలి. మా వైపు ఒకసారి పెద్ద సభ పెట్టి కూలి ఆడవాళ్లకు కుట్టు మిషన్లు పంచారు. దండలు, ఫొటోలు అన్నీ అయ్యాయి. నేర్పే మనిషి లేడు, కుట్టింది కొనేవాడు లేడు. ఆర్నెల్లలో మిషన్లు సగం అమ్ముడుపోయాయి, సగం తుప్పు పట్టాయి. ఎవరు పంచారన్నది వదిలేయండి, అందరూ చేసేదే అది.

ఎమిలీ అలా చేయలేదు. యూరపు దేశాల్లో ఇంటిపట్టున సాగే చేతిపనులను తిరిగి చూసింది. మొదట లేసు అల్లిక అనుకుంది. లేసు సంగతి మన నర్సాపురం ఆడవాళ్లనడిగితే చెబుతారు. దారం షావుకారుది, బేరం షావుకారుది, కళ్లు మాత్రం మనవి. బోయర్ల సీమలో గొర్రెలకు కొదవలేదు. ఉన్ని మాత్రం పచ్చిసరుకుగా ఓడెక్కి ఇంగ్లండు మిల్లులకు పోయేది, దుప్పటి అయి ఎక్కువ ధరకు తిరిగొచ్చేది. ఆ ఉన్నిని అక్కడే వడికి అక్కడే నేస్తే? మన కురుమల ఇళ్లలో ఆడవాళ్లు ఉన్ని వడికితే మగవాళ్లు గొంగడి నేసినట్టే. ముందు తానే వడకడం, నేయడం నేర్చుకుంది. మార్గరెట్ క్లార్క్ అనే యువతిని వెంటబెట్టుకుని ఫిలిప్పోలిస్‌లో దిగింది. నేర్చుకున్న పిల్లలనే ఇంకో ఊరికి పంతులమ్మలుగా పంపింది. జొహానెస్‌బర్గ్ పక్కన లాంగ్లాగ్టెలో రెండో బడి పెట్టింది. అలా మూడేళ్లలో 20కి పైగా బడులు నిలిచాయి. దుప్పట్లు, రగ్గులు, గుడ్డ నేశారు. కోపీస్‌లో లేసు బడి కూడా వచ్చింది. ఆరోగ్యం పాడై 1908లో ఆమె వెళ్లిపోయినా బడులు మూతపడలేదు, అక్కడి ప్రభుత్వాలు వాటిని చేపట్టాయి.

ఆమెను దేవతను చేయడానికి ఇది రాయడం లేదు. ఆ రాట్నాల ముందు కూర్చున్నది తెల్ల పిల్లలు మాత్రమే. అదే కమతాల్లో గొర్రెలు కాసి, దుక్కి దున్నిన నల్ల కూలీల కుటుంబాలను కూడా సైన్యం వేరే శిబిరాల్లో పెట్టింది. అక్కడ చచ్చినవాళ్లు లెక్కకెక్కినంతవరకే 14 వేలమంది. ఎమిలీ వాళ్ల సంగతి ఎవరైనా చూడాలని రాసింది గానీ తాను వెళ్లి చూడలేదు. వాళ్ల ఆడపిల్లలకు ఏ బడీ తెరవలేదు. ఆనాటి ఆమె చూపు అంతదాకానే పోయింది.

కానీ ఆ చూపు అక్కడే ఆగిపోలేదు. 1913 డిసెంబరు 16న బ్లూమ్‌ఫోంటైన్‌లో చనిపోయిన ఆడవాళ్ల స్మారకం ఆవిష్కరించారు. జబ్బుతో ఆమె దారిలోనే ఆగిపోతే ఉపన్యాసం వేరేవాళ్లు చదివారు. అందులో నల్లవాళ్ల చావులనూ గుర్తు చేసింది. భూమిలో 7 శాతం మాత్రం నల్లవాళ్లకు వదిలే చట్టం చేసిన సంవత్సరమది. తర్వాత జాతివివక్ష పాలనలో, 1963లో, ఆ ఉపన్యాసం తిరిగి అచ్చువేసినప్పుడు ఆ మాటలు ఎగరగొట్టారు. అదే పాలకులు యుద్ధాలను అసహ్యించుకున్న ఆమె పేరును ఒక జలాంతర్గామికి పెట్టుకున్నారు!

ఆ నెలలోనే ఆమె మనవాళ్ల జోలికీ వచ్చింది. 1860 నుంచి 1911 దాకా లక్షా 50 వేలకు పైగా కూలీలను ఒప్పందం మీద నేటాల్ చెరుకు తోటలకు తోలుకుపోయారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి పోయిన తమిళులు, తెలుగువాళ్లు. కూలి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం తీరాక తిరిగి పోకుండా అక్కడే ఉంటే మనిషికి ఏడాదికి 3 పౌన్ల పన్ను, అంటే ఆర్నెల్ల కూలి. దాని మీద 1913లో గనుల్లో, తోటల్లో సమ్మె కట్టారు, కాల్పుల్లో చచ్చారు. ఎమిలీ జోక్యం చేసుకుంది. కొత్త ఏడాది మొదట్లో తలపెట్టిన పాదయాత్రను రెండు వారాలు ఆపమని గాంధీకి తంతి కొట్టింది, తనకు తెలిసిన మంత్రి స్మట్స్‌కు ఉత్తరం రాసి ఒత్తిడి పెట్టింది. 1914లో పన్ను రద్దయింది. గెలిపించింది కూలీల సమ్మే, సందేహం లేదు. తలుపు దగ్గర ఆమె చేయి కూడా పడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం జర్మనీకి వెళ్లి శాంతి మాటలాడి మళ్లీ దేశద్రోహి అనిపించుకుంది. యుద్ధం ముగిశాక లీప్‌జిగ్‌లో ఆకలిగొన్న బడిపిల్లలకు వేలమందికి అన్నం పెట్టించింది. దానికి డబ్బు పంపినవాళ్లలో ఒకప్పుడు శిబిరాల్లో మగ్గిన బోయర్ ఆడవాళ్లూ ఉన్నారు.

చివరికి తనకే గతిలేని స్థితి వచ్చింది. సంగతి తెలిసి, తలా రెండున్నర షిల్లింగుల చొప్పున దక్షిణాఫ్రికా ఆడవాళ్లు చందా వేసుకుని 2,300 పౌన్లు పంపారు. 1921లో కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్‌లో దాంతో చిన్న ఇల్లు కొనుక్కుంది. అందులో ఎక్కువ కాలం ఉండలేదు. 1926 జూన్ 8న లండన్‌లో కన్నుమూసింది. అక్టోబరులో ఆమె అస్థికలు బ్లూమ్‌ఫోంటైన్ తీసుకెళ్లి ఆ స్మారకం అడుగున పెట్టారు.