శ్రీ అరవిందులు: మాతృభాష ఎరుగని బాల్యం

వంగదేశంలోని రంగపూర్‌లో ప్రభుత్వ వైద్యులైన కృష్ణధన ఘోష్ 1879లో తన ముగ్గురు కుమారులను ఇంగ్లండుకు తీసుకువెళ్లి, మాంచెస్టరు నగరంలో డ్రూవెట్ అనే క్రైస్తవ మతాచార్యుని ఇంట ఉంచారు. పిల్లలకు భారతీయులతో పరిచయమే కలుగరాదని ఆయన కట్టడి. ముగ్గురిలో చిన్నవాడైన ఏడేళ్ల బాలుడే అనంతర కాలంలో శ్రీ అరవిందులు. స్వగృహంలో సైతం అతనికి ఇంగ్లీషే నేర్పారు. నౌకర్ల వలన కొద్దిపాటి హిందుస్తానీ అబ్బింది. బెంగాలీ రాదు.

1884లో లండనులోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరి గ్రీకు, లాటిన్ భాషలలో అగ్రగణ్యుడైనాడు. అయితే ఇంటి నుండి సొమ్ము సక్రమంగా అందేది కాదు. ఉదయం రొట్టె ముక్కలు, తేనీరు, సాయంకాలం ఒక పెన్నీ సాసేజి మాత్రమే ఆహారంగా, చలికోటు సైతం లేక సోదరులు ఒక ఏడాది నెట్టుకువచ్చారు. కట్టడి చేసిన తండ్రే, దేశంలో భారతీయులకు జరిగే అవమానాల వార్తలకు గుర్తులు పెట్టి పత్రికలు పంపేవారట! విచిత్రమే.

1890లో ఐ.సి.ఎస్. పరీక్షలో నెగ్గిన పిదప, ఆ శిక్షణలో భాగంగా కేంబ్రిడ్జిలో ఒక ఆంగ్లేయుని వద్ద అరవిందులు బెంగాలీ అక్షరాలు దిద్దారు. గుర్రపుస్వారీ పరీక్షకు హాజరు కాక ఆ కొలువును వదులుకున్నారు. కుమారుడు వస్తున్న ఓడ మునిగిందన్న తప్పుడు వార్త విని తండ్రి కన్నుమూశారు. 1893లో అరవిందులు స్వదేశం చేరి బరోడా సంస్థానంలో ఉద్యోగించారు. బెంగాలీ సంభాషణ అలవరచుకొనుటకు 1898లో దీనేంద్రకుమార్ రాయ్ అనే రచయితను తన ఇంటికి రప్పించుకున్నారు. 1909లో కలకత్తాలో ‘ధర్మ’ అనే బెంగాలీ వారపత్రికను స్వయంగా నడిపారు. మరుసటి ఏడాది, నాడు మన యానాం వలెనే ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి చేరి, 1950లో మరణించే వరకు అచ్చటనే నివసించారు.