నోబుల్ దొర బడి, బందరు సంఘం

బందరులో నోబుల్ కాలేజీ పేరు వినని వారు మన వైపు తక్కువ. ఆ పేరు గల మనిషి సంగతి తెలిసిన వారు అంతకంటే తక్కువ. దొర అనగానే కలెక్టరో, జడ్జీయో అనుకోవడం సహజం. ఆయన బడిపంతులు.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండులోని ఫ్రిస్బీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి పాదిరీ. కొడుకు కేంబ్రిడ్జిలో చదివి తానూ పాదిరీ అయ్యారు. అప్పటికి బందరులో ఇంగ్లీషు వారికి జనరల్ పేటర్ కట్టించిన సెయింట్ మేరీ చర్చి ఉంది. తెలుగు వారి సంఘమంటూ లేదు. అందుకోసం చర్చి మిషనరీ సొసైటీ 1841లో నోబుల్‌ను, హెన్రీ ఫాక్స్‌ను పంపింది. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించే పని తీసుకున్నారు. ఆరోగ్యం చెడి స్వదేశం చేరి, 1848లో 31 ఏళ్లకే కన్నుమూశారు. నోబుల్ తెలుగు నేర్చుకొని బడి పెట్టారు.

1843 నవంబరు 21న బడి తెరిస్తే వచ్చిన పిల్లలు ఇద్దరే. ఇంగ్లీషు చదివితే ఉద్యోగం దొరుకుతుందన్న మాట పాకింది. బ్రాహ్మణ, వెలమ కుటుంబాల వారు, ముస్లింలు పిల్లలను పంపసాగారు. అందరికీ బైబిలు పాఠం తప్పనిసరి. అయితే అంటరానివారని ఊరి బయట ఉంచిన కులాల పిల్లలకు ఆ బడిలో చోటు ఇవ్వలేదు. పై కులాల వారు మారితే తక్కిన వారు వెంట వస్తారన్నది నోబుల్ లెక్క. తోటి మిషనరీలలోనే దీన్ని తప్పుపట్టిన వారున్నారు. దేవుని ముందు అందరూ సమానమని పాఠం చెప్పే బడి గుమ్మంలోనే కొందరిని ఆపడం ఏ విధంగా చూసినా సబబు కాదు.

1852లో ఇద్దరు విద్యార్థులు, బ్రాహ్మణుడైన మంచాల రత్నం, వెలమ కులస్థుడైన ఐనాల భూషణం, బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికింది. బంధువులు, జనం నోబుల్ ఇంటి మీదికి వచ్చారు. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి ఖాళీ అయింది. కన్నబిడ్డ ఇల్లు విడిచిపోతే ఆ తల్లి పడ్డ బాధ సామాన్యమా? ఆ కుర్రవాళ్లు పోగొట్టుకున్నదీ తక్కువ కాదు. ఇల్లు, వారసత్వం, బంధువుల పంక్తి అన్నీ వదులుకున్నారు. నోబుల్ ఇల్లే వారికి ఇల్లయింది. తరువాత ఇద్దరూ పాదిరీలై తెలుగు సంఘానికి పెద్దలయ్యారు. పిల్లలు మెల్లగా బడికి తిరిగి వచ్చారు. బడి నుంచి సంఘంలో చేరిన వారు మాత్రం చివరిదాకా కొద్దిమందే.

సంఘం పెరిగింది మరో దారిన. కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తానే వెతుక్కుంటూ వచ్చి, 1859లో డార్లింగ్ దొర చేత తనవారితో సహా బాప్తిస్మం పొందారు. అక్కడ నుంచి పల్లెపల్లెకూ అది పాకింది. నోబుల్ బడి ఎవరికి తలుపు తీయలేదో, వారే తరువాత గుళ్లు నింపారు. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన ఈ గుళ్లలో కోతల పండుగకు తొలి పంట తెచ్చి అర్పించిన చేతులు ఎక్కువగా ఆ కూలీలవే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. దాదాపు 30,000 మంది పోయారు. మిషను ఆడపిల్లల బడిలోని పిల్లలు కొందరు కూడా నీటి పాలయ్యారు. నోబుల్ బతికారు గాని ఏడాది తిరగకుండానే, 1865 అక్టోబరు 17న, బందరులోనే చనిపోయారు. 24 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు, పెళ్లి చేసుకోలేదు.

బడి కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అందులో అధ్యాపకులుగా ఉన్నారు. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్లు అక్కడే చదివి, తరువాత ఇంగ్లీషు ప్రభుత్వం మీదే కలం పట్టారు.