క్రైస్తవ సంఘైక్యతకు పాటుపడిన బిషప్ అజరయ్య

మన కళాశాలలో చదివే క్రైస్తవ విద్యార్థులను మీది ఏ సంఘమని అడిగితే ఒకరు బాప్టిస్టు అంటారు, ఒకరు సి.ఎస్.ఐ. అంటారు, వేరొకరు లూథరన్ అంటారు. చదివే బైబిలు ఒక్కటే. పాడుకొనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలూ చాలవరకు ఒక్కటే. మరి ఈ వేర్వేరు పేర్లు ఎక్కడ నుండి వచ్చినవని తోటి విద్యార్థులు ప్రశ్నించడం సహజం. ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే ఒక మహనీయుని జీవితం ఎదురవుతుంది. ఆయన తమిళుడు. అయినా జీవితంలో ముప్పది అయిదేండ్లు తెలుగువారి మధ్యనే గడిపి, తెలుగు నేలలోనే శాశ్వత నిద్ర పొందారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం సామ్యుల్ అజరయ్య.

ఆ పేర్లు పుట్టిన తీరు ముందుగా చెప్పుకోవాలి. పందొమ్మిదవ శతాబ్దంలో విదేశాల నుండి వచ్చిన మిషనరీ సంఘాలు ఒకరితో ఒకరు పోటీ పడకుండా ఉండేందుకు తెలుగుదేశాన్ని తాలూకాల లెక్కన పంచుకున్నవి. కర్నూలు అమెరికన్ బాప్టిస్టులకు వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడు, కడప జిల్లాలో కలసపాడు ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి. వారివి. గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం లండన్ మిషన్ వారివి. గుంటూరు లూథరన్లది, మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో శతాబ్దాల క్రితం జరిగిన వాదవివాదాలతో ఏ సంబంధమూ లేని ఒక పల్లె కూలీ, తన ఊరు ఏ మిషన్ వాటాలో పడిందో దానిని బట్టి బాప్టిస్టో, ఆంగ్లికనో అయినాడు. దీనికి తోడు మన దేశపు పాత జాడ్యం ఒకటి ఉండనే ఉన్నది. కొన్ని మిషన్లలో మాలలు అధికంగానూ, కొన్నింటిలో మాదిగలు అధికంగానూ చేరారు. మిషన్ సరిహద్దు అనేక చోట్ల కుల సరిహద్దుగా కూడా పరిణమించింది. పడమటి దేశాల గోడ మీద మన గోడ ఒకటి లేచిందన్నమాట. అజరయ్య గారి జీవితకాలపు శ్రమ అంతా ఈ జంట గోడలతోనే.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే గ్రామంలో ఆయన జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం నాడార్ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, ఆంగ్లికన్ గురువుగా పనిచేశారు. అజరయ్య బాల్యంలోనే ఆయన గతించగా పెంపకం భారమంతా తల్లిపై పడింది. ఆమె క్రమశిక్షణ కుమారునికి కడవరకు నిలిచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా అజరయ్య పట్టా పుచ్చుకోలేదు. ఆ లోటు ఆయనను బాధించిందో లేదో గాని, 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చి దానిని తీర్చింది.

1895 నుండి ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. ఈ ఉద్యోగమే ఆయన దృష్టిని విశాలం చేసిందని నా అభిప్రాయం. ఆ సంస్థలో ఏ సంఘం వారైనా సమానులే. ఆంగ్లికన్, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ యువకులు ఒకే గదిలో కూర్చుండి ప్రార్థించడం ఆయన నిత్యం చూచారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో మొదటి తరంలో కళాశాల విద్య పొందినవారిలో ఆమె ఒకరు. భర్త చేసిన ప్రతి పనిలోను ఆమె పాలు ఉన్నది.

1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ ధనంతో తామే మత ప్రచారం సాగించడం చూచి అజరయ్య ఆలోచనలో పడ్డారు. మనమెందుకు విదేశీయుల చేతి వైపు చూడాలన్న ప్రశ్న ఆయనను వదలలేదు. మరుసటి ఏడు 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 డిసెంబరు 25న సీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినవి. రెండింటి స్థాపనలోను ఆయన ముందున్నారు. రెండవది అన్ని సంఘాల వారికీ ఉమ్మడి సంస్థ. ధనం భారతీయులది, మనుషులు భారతీయులు, నిర్వహణ భారతీయులది. వంగ విభజన జరిగి స్వదేశీ ఉద్యమం ఎగసిన సంవత్సరమే అది కావడం గమనింపదగినది.

తిరునెల్వేలి సొసైటీ తన కార్యక్షేత్రంగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎన్నుకొన్నది. నేడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. అక్కడికి ఇతరులను పంపుతూ తాము మద్రాసులో కూర్చుండడం అజరయ్యకు సరిపడలేదు. 1909లో ఉద్యోగం విడిచి, గురు పట్టం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరారు. వయస్సు ముప్పది అయిదు. భాష రాదు. తెలుగు నేర్చుకొన్నారు, తెలుగులో బోధించారు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1200 మందికి పైగా ప్రతినిధులు వచ్చిన ఆ సభలో ఆసియా ఖండం వారు ఇరవై మందికి మించరు. వారిలో ఒకరైన అజరయ్య నిలబడి, విదేశీ మిషనరీలు భారతీయ సహచరులను ఏ విధంగా చూస్తున్నారో ముఖాముఖిగా చెప్పారు. వారి త్యాగాన్ని మెచ్చుకుంటూనే, ఒక్క బల్ల వద్ద సమానులుగా కూర్చుండే స్నేహం మాత్రం తమకు దక్కడం లేదని ఆయన భావం. సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకున్నారు. కొందరు ఇంతకాలానికి నిజం విన్నామన్నారు. అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న విషయం తేలకుండా ఐక్యత గురించి మాట్లాడడం వ్యర్థమని ఆయన ఆనాడే గ్రహించినట్లు కనబడుతుంది.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనకు అండగా నిలిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయంలో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవారు ఒక భారతీయుని ఆజ్ఞలకు లోబడి పనిచేయగలరా అని అప్పట్లో చాలామంది సంశయించారు. భారతీయ క్రైస్తవులలోను పెదవి విరిచినవారు లేకపోలేదు. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్షమండలం క్రమంగా కృష్ణా మండలం వరకు వ్యాపించింది. 1920ల మొదట్లో మన నంద్యాల, కడప ప్రాంతాలు కూడా అందులో చేరినవి. అనగా ఈ ప్రాంతపు ఆంగ్లికన్ క్రైస్తవులకు కూడా ఆయనే పెద్ద.

ఆయన పాలన తీరు పల్లెకు తగినది. ఎడ్ల బండి మీద గ్రామాలు తిరిగారు. పేద ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు వేరుగా తీసి సంఘానికి ఇచ్చే అలవాటును ప్రోత్సహించారు. విదేశీ ధనం లేకపోయినా సంఘం బ్రతకాలంటే ఆ పిడికెడే ఆధారమని ఆయన లెక్క. భజనలు, తెలుగు కీర్తనలు, కోతల కాలపు పండుగలు ఆరాధనలో భాగమైనవి. 1940ల నాటికి ఆ మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వారు. ఒకే పాత్రలోని ప్రభురాత్రి భోజనం అందరూ కలిసి పుచ్చుకోవాలని ఆయన పట్టు. ఈ పట్టు అన్ని చోట్ల నెగ్గిందనలేము. కులం కొన్ని సంఘాలలో గడప దాటి లోపలికి రానే వచ్చింది.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఏండ్ల తరబడి నిర్మాణం సాగి 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమైంది. గుమ్మటాలు, మినార్లు మన మసీదులను తలపిస్తవి. స్తంభాలు దేవాలయ మండపాన్ని గుర్తుకు తెస్తవి. ఇంగ్లండు నుండి నమూనా తెప్పించి సూది మొన గోపురం కట్టించే అవకాశం ఉండి కూడా ఆయన ఆ పని చేయలేదు. హైదరాబాదు, గోల్కొండ కట్టడాలపై మక్కువగల మా బోటివారికి ఈ ఒక్క కట్టడం చాలు, ఆయన అభిరుచి ఎటువంటిదో తెలియడానికి.

ఇక ఐక్యత విషయం. ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి 1908లోనే సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిగా ఏర్పడినవి. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది గురువులు సమావేశమైనారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ సమావేశానికి సూత్రధారులలో అజరయ్య ఒకరు. ఆంగ్లికన్, యునైటెడ్ సంఘాలు ఒక్కటి కావాలని వారు ప్రకటన చేశారు. ఈ విభేదాలు మేము కల్పించినవి కావు, మా మీద మోపబడినవి అన్నది దాని సారాంశం. 1925 నాటికి మెథడిస్టులు కూడా చర్చలలోకి వచ్చారు.

అక్కడ నుండి ఇరవై ఎనిమిదేండ్లు! ఇంత కాలం ఎందుకు పట్టిందని చదువరులకు సందేహం కలుగవచ్చు. చిక్కు అంతా బిషప్ పదవి చుట్టూ ఉన్నది. బిషప్ హస్తనిక్షేపం లేని గురువు గురువే కాడని ఆంగ్లికన్లలో ఒక బలమైన పక్షం వాదన. అట్లయితే ఇన్నాళ్లు మేము చేసిన సేవ చెల్లదా అని రెండవ పక్షం ఆవేదన. మళ్లీ పట్టాభిషేకం చేయించుకొమ్మనడం వారికి అవమానంగా తోచింది. చివరకు కుదిరిన రాజీ ఇది. ఇకపై గురువులందరికీ బిషప్పులే పట్టమివ్వాలి. ఇదివరకే ఉన్నవారిని మాత్రం ఏ కొత్త సంస్కారమూ లేకుండానే అంగీకరించాలి. ముప్పది ఏండ్లు గడిచేసరికి రెండు తెగల తేడా తనంతట తానే సమసిపోవాలి. వాదించి గెలవలేనిదానిని కాలానికి అప్పగించిన ఈ ఉపాయంలో గొప్ప లోకజ్ఞానం ఉన్నదనిపిస్తుంది.

1927లో స్విట్జర్లాండులోని లూసాన్‌లో జరిగిన ప్రపంచ మహాసభలోను, 1938 డిసెంబరులో మద్రాసు తాంబరంలో జరిగిన అంతర్జాతీయ సభలోను అజరయ్య ఈ విషయాన్నే పట్టుకున్నారు. పడమటివారికి విభేదాలు తమ చరిత్ర మిగిల్చిన జ్ఞాపకాలు కావచ్చును గాని, క్రైస్తవులు పిడికెడు మంది ఉన్న దేశంలో అవి ప్రాణాంతకాలని ఆయన వాదన.

1935లో డాక్టర్ అంబేడ్కర్ హిందూ మతాన్ని విడుస్తానని ప్రకటించిన తరువాత ఆయనకు, అజరయ్యకు మధ్య జరిగిన సంభాషణను బిషప్ జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. మేము క్రైస్తవులమైతే ఎక్కడ ఉన్నా ఒక్క సంఘంగా ఉండగలమా, కులభేదం పూర్తిగా పోతుందా అన్నవి అంబేడ్కర్ సందేహాలని వారు వ్రాశారు. అవునని చెప్పగల స్థితిలో బిషప్ లేరు. అందుకు ఆయన ఎంతో సిగ్గుపడినట్లు చెబుతారు. ఐక్యత అన్నది మతపండితుల గదులలో తేలవలసిన సమస్య అనుకొనేవారికి ఈ సంఘటన చక్కని జవాబు. మతమార్పిడుల విషయంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన అభిప్రాయ భేదం ఉండేది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించినవారిలో అజరయ్య కూడా ఉన్నారు. చీలిక ఏ రూపంలో వచ్చినా ఆయనకు గిట్టదు.

1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. వయస్సు డెబ్బది. ఐక్యతా పథకాన్ని మెథడిస్టులు 1943లోనే ఆమోదించి ఉన్నారు. ఆంగ్లికన్ సర్వసభ ఆమోదించినది ఆయన మరణించిన నెలలోనే. యునైటెడ్ చర్చి ఆమోదం 1946లో లభించింది. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జ్ దేవాలయంలో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. బిషప్పులున్న సంఘమూ, బిషప్పులు లేని సంఘాలూ ఏకమైపోవడం క్రైస్తవ చరిత్రలో అంతకు ముందు కనీవినీ ఎరుగనిది. సభ్యులు పది లక్షల పైచిలుకు. డోర్నకల్, మెదక్ ఆనాటి నుండి ఒకే సంఘంలోని మండలాలైనవి.

అయితే ఆయన మండలంలోనే ఒక భాగం ఈ కలయికకు ఒప్పుకోలేదు. అది మన నంద్యాల. ఇక్కడి ఆంగ్లికన్ క్రైస్తవులు వేలాదిమంది కొత్త సంఘంలో చేరక, భారత, పాకిస్తాన్, బర్మా, సింహళ ఆంగ్లికన్ సంఘంలోనే నిలిచిపోయి, కలకత్తా మెట్రోపాలిటన్ పర్యవేక్షణలో కొనసాగారు. వారిని కేవలం మొండివారని తీసిపారవేయడం న్యాయం కాదు. తాతల నాటి నుండి పవిత్రమని నేర్చుకొన్న ఆరాధన క్రమం మారిపోతుందన్న భయం వారికి ఉన్నది. లండన్ మిషన్ వారితో కలిస్తే తాము మైనారిటీ అవుతామన్న అనుమానమూ ఉండి ఉండవచ్చును. పైగా వారిని పోషించిన ఎస్.పి.జి. సంస్థే కొత్త సంఘానికి చేయూతనివ్వడానికి వెనుకాడింది. పాఠశాలలు, ఆసుపత్రులు, జీతాలు ఎవరిపై ఆధారపడి ఉన్నవో వారి మాటకు బరువు ఉండడం లోక సహజం. పిడికెడు బియ్యం మీద సంఘాన్ని నిలపాలని అజరయ్య ఎందుకు తహతహలాడారో నంద్యాల చరిత్ర చదివినప్పుడు బోధపడుతుంది.

ఒకే జిల్లాలో, కొన్ని చోట్ల బంధువుల మధ్యనే, ఈ ఎడబాటు ఏండ్ల తరబడి సాగింది. 1963లో నంద్యాల విడి అధ్యక్షమండలమైంది. 1970 నవంబరులో ఉత్తర భారత సంఘం ఏర్పడడంతో నంద్యాల వారు అంటిపెట్టుకొని ఉన్న పాత ఆంగ్లికన్ సంఘమే ఉత్తరాదిన అందులో లీనమైపోయింది. ఆ తరువాత, 1970లలోనే, నంద్యాల కూడా దక్షిణ ఇండియా సంఘంలో చేరి దాని మండలాలలో ఒకటైంది. అప్పటికి డోర్నకల్ దేవాలయం ప్రక్కన అజరయ్య సమాధి మీద మూడు దశాబ్దాలు గడిచినవి.