రంగులు సరిగా కనిపించని సైంటిస్ట్.. చనిపోయాక తన కళ్లు కోసి చూడమన్నాడు! 150 ఏళ్ల తర్వాత తేలిన నిజం

టమాటా పండిందా, ఇంకా కాయేనా? బత్తలపల్లె తోటల్లో చిన్నపిల్లాడైనా టక్కున చెప్పేస్తాడు. కానీ కొందరికి ఆ ఎరుపు, ఆ పచ్చ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అదే కలర్ బ్లైండ్‌నెస్. తన కళ్లలోని ఈ లోపాన్ని తానే పరిశీలించి పేపర్ రాసిన వ్యక్తి జాన్ డాల్టన్. అవును.. స్కూల్లో చదువుకున్న పరమాణు సిద్ధాంతం డాల్టనే!

1766లో ఇంగ్లండ్‌లోని ఈగిల్స్‌ఫీల్డ్ అనే పల్లెలో ఓ నేత కార్మికుడి ఇంట్లో పుట్టాడు. 12 ఏళ్లకే పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1787 నుంచి చనిపోయే దాకా రోజూ వాతావరణం రాసి పెట్టుకున్నాడు. వాన కోసం ఆకాశం చూడటం మన అనంతపురం వాళ్లకు కొత్తేం కాదు కానీ, 57 ఏళ్లు ఆపకుండా రాయడమంటే మాటలా?

1792లో ఓ జెరేనియం పువ్వు ఆయన్ని ఆలోచనలో పడేసింది. అందరికీ గులాబీ రంగులో ఉన్న ఆ పువ్వు పగలు ఆయనకు నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించింది. అన్నయ్యను అడిగితే ఆయనకీ అంతే! ఎర్ర లక్క, పచ్చని ఆకు కూడా డాల్టన్‌కు ఒకే రంగు. 1794లో మాంచెస్టర్‌లో ఈ సంగతంతా చదివి వినిపించాడు. కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎరుపును మింగేస్తోందని ఆయన లెక్క. అది నిజమో కాదో తేల్చడానికి, పోయాక కళ్లు పరీక్షించమని చెప్పి పెట్టాడు.

మధ్యలో ఓ తమాషా. ఆయన క్వేకర్ మతస్థుడు, అప్పట్లో వాళ్లు ఎర్ర బట్టలు వేసుకునేవారు కాదు. అయినా 1834లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లిచ్చిన ఎర్ర గౌనుతోనే రాజు దగ్గరికి వెళ్లాడు. ఆయన కంటికి అది ఎరుపు కాదు కదా!

1844 జులై 27న డాల్టన్ కన్నుమూశాడు. డాక్టర్ జోసెఫ్ రాన్సమ్ కన్ను కోసి చూస్తే ద్రవం నీళ్లలా తేటగా ఉంది. రెండో కంటికి వెనక రంధ్రం చేసి చూస్తే ఎరుపు, పచ్చ మామూలుగానే కనిపించాయి. డాల్టన్ లెక్క తప్పు! మరి కారణమేంటి? దాచిన కంటి నుంచి 1995లో డీఎన్ఏ తీశారు. పచ్చ రంగు వెలుగును పట్టే పదార్థం తయారుచేసే జన్యువు అందులో లేదు.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. అందుకే అన్నదమ్ములిద్దరికీ వచ్చింది, తల్లికి మాత్రం తేడా తెలిసి ఉండదు. అసలు ఏ రంగూ కనిపించని అక్రోమటాప్సియా ఇంకా అరుదు. దానికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం రావాలి, మేనరికాల్లో ఆ ముప్పు ఎక్కువ.

చాలామంది కుర్రాళ్లకు ఈ సంగతి రైల్వే ఉద్యోగం మెడికల్ టెస్ట్‌లో తెలుస్తుంది. లోకో పైలట్ కల అక్కడే ఆగిపోతుంది. లోపం తక్కువగా, ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చని మాత్రం 2020లో కేంద్రం రూల్ మార్చింది. తల్లి వైపు తాతకో, మేనమామకో ఈ ఇబ్బంది ఉంటే, పిల్లాడు స్కూల్లో ఉండగానే చుక్కల్లో అంకెలు గుర్తుపట్టే ఇషిహారా టెస్ట్ చేయించండి. కొన్ని నిమిషాల పనే.