పత్తికొండలో మన్రో మరణము

సర్ తామస్ మన్రో కుంఫిణీ కొలువువాడు. పాలెగాండ్ర నణచి శిస్తు గట్టించినవాడు. ఆ సంగతి మేము మఱువలేదు. అయినను 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా అనంతపురమున నుండి, ఊరూర గుడారము వేసికొని తిరిగిన ఆయనకు ఈ కఱవుసీమకు చెఱువే ప్రాణమని బోధపడెను. చిన్నచెఱువుల మరమ్మతును రైతులు వహించినచో ఆ భూములకు శిస్తులో మూడవవంతు తగ్గింపవలెనని 1807లో సిఫారసు చేసెను. పైవారు దానిని త్రోసి గ్రామములను గుత్తల కిచ్చిరి!

1820లో మద్రాసు గవర్నరై, 1827లో స్వదేశమునకు మరలుటకు ముందు తన పాత రైతులను జూడవచ్చెను. వెంటనున్న దండులో కలరా పుట్టెను. జూలై 6వ తేదీ ఉదయమున పత్తికొండలో ఆయనకును సోకెను. ఆ రాత్రికే కన్నుమూసెను.

ఆ జాడ్యము నీటివలన వ్యాపించునని నాడు వైద్యులే యెఱుగరు. 1884లో జర్మను వైద్యుడు కాక్, కలకత్తాలో జనులు గుడ్డలుతికి, ఆ నీటినే త్రాగుచున్న యొక చెఱువున దాని క్రిమిని గనుగొనెను. నాటివారు తెలియక చెఱచిరి. తెలిసియు నేడు మురుగుకాలువను చెఱువునకు ద్రిప్పువారి నేమనవలెను?

మన్రోను గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి దరలించిరి. పత్తికొండలో ఆయన పేర ప్రభుత్వము తోపు నాటించి, బావి త్రవ్వించెను.