రహీం సాబ్ చివరి టోర్నమెంట్

'మైదాన్' సినిమా 2024 ఈద్ రోజుల్లో వచ్చాకే మన పిల్లల్లో చాలామందికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలిసింది. ఆయన మన హైదరాబాద్ మనిషే. 1909లో పుట్టారు, మొదట టీచర్‌గా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. మరుసటి ఏడాదే ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు గోల్డ్ తెచ్చారు.

1952 హెల్సింకిలో మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. అదే దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్లలో ఎంత తేడా!

1962లో జకార్తాకు వెళ్లేటప్పటికే రహీం సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. స్టేడియం నిండా భారత్ మీద కోపంగా ఉన్న జనం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఆయన్ని కూర్చోబెట్టేవారేమో. రహీం సాబ్ ఆయన్నే ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ వేశారు. 2-1తో గోల్డ్ మనదే.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 53. 1970లో ఒక కాంస్యం తప్ప, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో పతకం రాలేదు.