సర్ ఎడ్వర్డ్ కోక్ పత్రాల పెట్టె

1634 సెప్టెంబరు మొదటి రోజులు. లండనుకు పడమరగా, స్టోక్ పోజెస్ అనే పల్లెలోని ఒక పెద్ద భవనంలో ఎనభై రెండేళ్ల వృద్ధుడు అవసానదశలో ఉన్నాడు. ఆ సమయంలో రాజు కార్యదర్శి సర్ ఫ్రాన్సిస్ విండ్‌బ్యాంక్ ఆజ్ఞాపత్రం చేతబట్టుకొని ఆ ఇంటికి వచ్చాడు. వచ్చింది పరామర్శకు కాదు. రాజద్రోహకరమైన పత్రాలు ఆ ఇంట ఉన్నవేమో వెదకడానికి. మంచం మీది మనిషి కన్ను మూయకముందే ఆయన వ్రాతప్రతులు, లేఖలు, చివరకు కుటుంబానికి చెందిన కాగితాలు కూడా మూటలై బయటికి నడిచాయి. లండనులో ఇన్నర్ టెంపుల్‌లోని ఆయన గదికీ అదే గతి పట్టింది.

ఆ వృద్ధుడు సర్ ఎడ్వర్డ్ కోక్. అక్షరాలలో కోక్ అని కనిపించినా ఆంగ్లేయులు ఆ పేరును కుక్ అని పలుకుతారు. మన న్యాయవాదులకు మాత్రం ఆయన తొలినుంచీ కోక్‌గానే పరిచితుడు. రాజు తరఫున పన్నెండేళ్లు వాదించి, రాజు న్యాయస్థానాలలో పదేళ్లు తీర్పు చెప్పిన మనిషి ఇంటి మీదికి ఆ రాజు మనుషులే సోదాకు రావడం ఎట్లా సంభవించింది? ఆ కథ తెలియాలంటే ఆయన జీవితమంతా ఒకసారి తిరగవేయవలసిందే.

కోక్ 1552 ఫిబ్రవరి 1వ తేదీన నార్ఫోక్ ప్రాంతంలోని మైల్‌హాంలో జన్మించాడు. తండ్రిదీ న్యాయవాద వృత్తే. నారిచ్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివి, 1572లో ఇన్నర్ టెంపుల్‌లో ప్రవేశించాడు. 1578లో న్యాయవాదిగా పట్టా పుచ్చుకొన్నాడు. తెల్లవారకముందే లేచి పుస్తకాల ముందు కూర్చొనేవాడనీ, న్యాయస్థానంలో విన్న ప్రతి వాదాన్నీ తన పుస్తకంలో ఎక్కించుకొనేవాడనీ ప్రతీతి. 1592లో సొలిసిటర్ జనరల్, మరుసటి ఏడు కామన్స్ సభాపతి, 1594లో అటార్నీ జనరల్. ఈ చివరి పదవి కోసం ఫ్రాన్సిస్ బేకన్ ఎంతో ప్రయత్నించి భంగపడ్డాడు. ఇద్దరి మధ్య ఆనాడు రగిలిన కక్ష జీవితాంతం చల్లారలేదు.

కోక్‌కు కాగితం మీద ఉన్న మమకారం అసాధారణమైనది. న్యాయస్థానాల తీర్పులను 1600 నుంచి భాగాలు భాగాలుగా అచ్చు వేయించసాగాడు. అవే రిపోర్టులు అనే పేర ప్రసిద్ధికెక్కిన సంపుటాలు. 1602లో వెలువడిన మూడవ భాగం పీఠికలో ఆయన ఒక విశేషాంశం వ్రాశాడు. న్యాయస్థానపు రికార్డులు రాజు ఖజానాలో భద్రంగా ఉన్నప్పటికీ, అవసరమున్న ప్రతి పౌరునికీ వాటిని చూచే హక్కు కలదనీ, ఇది ఆ దేశపు ప్రాచీన ధర్మమేననీ, మూడవ ఎడ్వర్డ్ రాజు ఏలుబడిలో 1372లో పార్లమెంటు దీనినే శాసనంగా చాటిందనీ దాని సారాంశం. ఆ శాసనం పుట్టుకకు కారణం ఆసక్తికరమైనది. ఆ రికార్డులలో రాజుకు ప్రతికూలమైన విషయం ఉన్నపుడు అధికారులు వాటిని చూపించడం లేదనీ, నకళ్లు ఇవ్వడం లేదనీ ప్రజలు మొర పెట్టుకొన్నారు. రాజుకు వ్యతిరేకంగా ఉపయోగపడేవైనా సరే చూపించవలసినదే అని సమాధానం వచ్చింది. నేడు మన కచ్చేరీలలో రుసుము చెల్లించి ధ్రువీకరించిన నకలు పుచ్చుకొనే కక్షిదారు ఆ తరతరాల వాదానికి వారసుడే. 1872 నాటి మన సాక్ష్య చట్టంలో ఉన్న ఆ ఏర్పాటు, 2024లో దాని స్థానే అమలులోకి వచ్చిన చట్టంలోనూ నిలిచింది.

ఇంత చక్కగా వ్రాసిన కలమే మరుసటి సంవత్సరం మరొక పని చేసింది.

1603లో ఎలిజబెత్ రాణి మరణించి మొదటి జేమ్స్ సింహాసనమెక్కాడు. కొద్ది నెలలలోనే సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ నేరం మోపబడింది. లండనులో మహమ్మారి వ్యాపించి ఉన్నందువల్ల నవంబరు 17వ తేదీన వించెస్టరులో విచారణ జరిగింది. ప్రభుత్వపక్షాన నిలిచినది కోక్. ముఖ్యమైన సాక్ష్యం లార్డ్ కోబామ్ ఇచ్చిన వాఙ్మూలం. ఆ కోబామ్ నిర్బంధంలో ఆ ఊళ్లోనే ఉన్నాడు. అతనిని పిలిపించి తన ఎదుట నిలబెట్టమని రాలీ పదేపదే ప్రార్థించాడు. ప్రభుత్వ న్యాయవాది అంగీకరించలేదు, న్యాయమూర్తులు ఆజ్ఞాపించలేదు. మనిషికి బదులు కాగితం మాట్లాడింది. అందులోనూ న్యాయవాది చదువదలచిన కాగితమే. చివరి ఘడియలో కోక్, కోబామ్ తాజాగా వ్రాసిన ఉత్తరం ఒకటి బయటికి తీశాడు. స్పెయిను నుంచి రాలీ భరణం ఆశించాడన్నది అందలి ఆరోపణ. ముద్దాయికి దాని సంగతే తెలియదు. రాలీ తన జేబులోనుంచి మరొక ఉత్తరం తీశాడు. అదీ కోబామ్ వ్రాసినదే. రాలీ నిర్దోషి అని అందులో ఉన్నది. ఒకే చేతివ్రాత, రెండు సాక్ష్యాలు! జ్యూరీ పావుగంటలో నేరం నిర్ధారించింది. శిక్ష పదిహేనేళ్లు ఆగి, 1618లో అమలయింది.

ఆ రోజు కోక్ ప్రయోగించిన దూషణలు ఆయన కీర్తికి మాయని మచ్చ అని ఆయన అభిమానులే ఒప్పుకొంటారు. దూషణలకంటె ఘోరమైనది కాగితాల విషయమే. ముద్దాయి ప్రాణం ఏ పత్రాల మీద ఆధారపడి ఉన్నదో అవి పూర్తిగా ప్రభుత్వ న్యాయవాది చేతిలోనే ఉన్నవి. వాటిలో ఏది చదవాలో, ఏది మూసి పెట్టాలో నిర్ణయించేవాడు అతడే. ఇది ఆనాటి ఆచారమే గాని కోక్ ఒక్కని దుర్మార్గం కాదు. అయితే ఆచారాలను శాస్త్రం ముందు నిలబెట్టి నిలదీయడంలో అంతటివాడు మరొకడు లేడు గదా! ఇక్కడ మాత్రం ఆ బుద్ధి నిద్రపోయింది.

1606లో కోక్ కామన్ ప్లీస్ న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. గద్దె మారగానే మనిషి మారినాడా అన్నట్లు ఆనాటి నుంచి ఆయన ధోరణి వేరయింది. రాజు కూడా చట్టానికి లోబడినవాడే అని జేమ్స్ ముఖం మీదనే వాదించాడు. 1613లో ఆయనను కింగ్స్ బెంచికి మార్చారు. హోదా పెరిగినా ఆదాయం తగ్గే ఆ మార్పు బేకన్ సలహా. అదే సంవత్సరం బేకన్ తాను కోరుకొన్న అటార్నీ జనరల్ పదవి సాధించాడు.

1615లో జరిగిన పీచం వ్యవహారం అన్నింటికంటె గమనింపదగినది. ఎడ్మండ్ పీచం అనే ముసలి మతాచార్యుని గదిలో రాజును దూషించే ధర్మోపన్యాసపు చిత్తుప్రతి దొరికింది. ఆయన దానిని ఎక్కడా చదువలేదు, అచ్చు వేయలేదు. సొరుగులో పడి ఉన్న కాగితం రాజద్రోహం కాగలదా? చిత్రహింసలు పెట్టినా కొత్త విషయం తెలియరాలేదు. అప్పుడు రాజు న్యాయమూర్తుల అభిప్రాయం ముందుగానే తెలుసుకోదలచాడు. అదీ అందరినీ కలిపి కాక, ఒక్కొక్కరినీ విడివిడిగా, రహస్యంగా. ప్రభుత్వ న్యాయవాదులు తలా ఒక న్యాయమూర్తి వద్దకు వెళ్లారు. కోక్ వంతు బేకన్‌కు పడింది. ఇట్లా చెవిలో అభిప్రాయాలు సేకరించడం దేశాచారానికి విరుద్ధమని కోక్ అభ్యంతరం చెప్పాడు. రేపు తాను తీర్పు చెప్పవలసిన వ్యాజ్యం గురించి ఈనాడు ఒక పక్షపు న్యాయవాదితో గుసగుసలాడటం ఏమి న్యాయం? తుదకు ఆయన కూడా వ్రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చాడు కాని, అది రాజు కోరిన విధంగా లేదు. పీచంకు మరణశిక్ష పడింది. ఉరి అమలు కాలేదు, చెరసాలలోనే మరణించాడు.

మరుసటి ఏడు ఇంకొక వ్యాజ్యంలో రాజు న్యాయమూర్తులందరినీ పిలిపించి, తాను కోరినపుడు విచారణ ఆపుతారా అని అడిగాడు. అందరూ మోకరిల్లి అంగీకరించారు. అట్టి సందర్భం వచ్చినపుడు న్యాయమూర్తికి తగినదేదో అదే చేస్తానని కోక్ ఒక్కడు జవాబిచ్చాడు. ఇక పదవి నిలుస్తుందా? తన రిపోర్టులలోని తప్పులు దిద్దుకొనమని ఆజ్ఞ అయింది. ఆయన అయిదు స్వల్ప దోషాలు మాత్రం చూపించి ఊరుకొన్నాడు. 1616 నవంబరులో ఉద్వాసన జరిగింది.

గృహజీవితంలో ఆయన ప్రవర్తన మెచ్చదగినది కాదు. రాజానుగ్రహం తిరిగి సంపాదించడానికి 1617లో కన్నకూతురు ఫ్రాన్సిస్‌ను, రాజుకు ప్రియుడైన బకింగ్‌హాం సోదరునికి కట్టబెట్టాడు. తల్లి ఆ పిల్లను దాచి ఉంచిన ఇంటిని తలుపులు బద్దలు కొట్టించి మరీ ఎత్తుకొనిపోయాడు. తరువాత తన ఇంటి మీదికి రాజు మనుషులు వచ్చినప్పుడు ఆ తలుపులు ఆయనకు గుర్తు వచ్చినవో లేదో!

1621లో కోక్ పార్లమెంటు సభ్యునిగా తిరిగి రంగంలో దిగాడు. మాట్లాడే స్వాతంత్ర్యం సభ జన్మహక్కు అని డిసెంబరు 18వ తేదీన కామన్స్ సభ తన చిట్టాలో ఒక ప్రకటన వ్రాయించింది. జేమ్స్ రాజు ఆ చిట్టాను తెప్పించి, ఆ పుటను స్వహస్తంతో చించివేశాడు. కోక్‌ను లండన్ టవరులో బంధించారు. ఆయన ఇల్లు, గదులు సోదా చేశారు, పత్రాలు పట్టుకొనిపోయారు. శిక్షింపదగిన నేరమేదీ దొరకలేదు. 1622 ఆగస్టులో విడిచిపెట్టారు.

చార్లెస్ రాజు కాలంలో కాగితాల పోరు మరింత ముదిరింది. బలవంతపు ఋణం ఇవ్వమన్నందుకు అయిదుగురు నైట్లను కారణం చెప్పకుండా చెరలో పెట్టగా, 1627 నవంబరులో కింగ్స్ బెంచి వారిని విడిచిపెట్టడానికి నిరాకరించింది. అది తాత్కాలికమైన ఆజ్ఞ మాత్రమే. 1628లో పార్లమెంటు సమావేశమైనపుడు, జాన్ సెల్డెన్ న్యాయస్థానపు కాగితాలు పరిశీలించి ఒక చిత్తు తీర్పును బయటపెట్టాడు. తాత్కాలికమైన ఆజ్ఞను శాశ్వతమైన తీర్పుగా రికార్డులో ఎక్కించాలని అటార్నీ జనరల్ రాబర్ట్ హీత్ గుమాస్తాలను ఒత్తిడి చేశాడన్న సంగతి సభకు తెలిసింది. హీత్ ఉద్దేశం ఏమిటన్నదానిపై చరిత్రకారులు ఈనాటికీ వాదించుకొంటున్నారు. సభలో మాత్రం నిప్పు రాజుకొన్నది. రికార్డులో ఒకసారి ఎక్కితే అది ముందుతరాలకు ధర్మమై కూర్చుంటుందని కోక్‌కు తెలిసినంతగా మరెవరికి తెలుసును? ఆ పదవిలో తానూ కూర్చున్నవాడే. డెబ్బయ్యారవ ఏట ఆయన ముందు నిలిచి నడిపిన పోరాటమే ఆ వేసవిలో హక్కుల విన్నపంగా ఫలించింది. మరుసటి సంవత్సరం, సభ్యులు ప్రాచీన పత్రాలు వెదకుకొనే సర్ రాబర్ట్ కాటన్ గ్రంథాలయానికి రాజు ముద్ర వేయించాడు.

కోక్ స్టోక్ పోజెస్ చేరి మళ్లీ కలం పట్టాడు. ఇన్‌స్టిట్యూట్స్ అనే మహాగ్రంథంలో మొదటి భాగం 1628లోనే వెలువడింది. మాగ్నా కార్టా మొదలైన శాసనాలకు వ్యాఖ్యానం, నేరాలను గురించిన భాగం, న్యాయస్థానాల అధికారాలను గురించిన భాగం వ్రాతలో ఉన్నవి. ఈ వార్త 1631 నాటికే చార్లెస్ చెవిని పడింది. ప్రజలు ఆయన మాటను దైవవాక్కుగా స్వీకరిస్తారనీ, ఆ పుస్తకం రాజాధికారానికి చేటు తెస్తుందనీ రాజు భయం. వృద్ధుడు చనిపోయేలోగా కాగితాల మీద కన్నువేసి ఉంచమని అప్పుడే ఉత్తర్వు అయింది.

రాజు కొలువులో ఉన్నవారు గతించినపుడు వారింటి రాజ్యపత్రాలను తిరిగి స్వాధీనం చేసుకోవడం ఆ కాలంలో కొత్తగాదు. అటార్నీ పదవిలో సంపాదించిన రహస్యాలు అటార్నీ సొత్తు కావన్న వాదంలో న్యాయం లేకపోలేదు. కక్షిదారు చెప్పిన రహస్యం బయటపెట్టవలసిన అగత్యం న్యాయవాదికి లేదని ఎలిజబెత్ కాలపు న్యాయస్థానాలు అప్పటికే అంగీకరించసాగాయి. కాని మాగ్నా కార్టా వ్యాఖ్యానం ఏ కక్షిదారు రహస్యం? విండ్‌బ్యాంక్ మనుషులు ఆ విచక్షణ పాటించలేదు. కోక్ 1634 సెప్టెంబరు 3వ తేదీన మరణించాడు. ఆ నెలలోనే ఆయన పెట్టెను బాగ్‌షాట్‌లో విడిది చేసి ఉన్న రాజు వద్దకు చేర్చి తెరిచారు. అందలి కాగితాలకు పట్టిక వ్రాశారు. ఆయన మరణశాసనం కూడా ఆ మూటలలోనే పోయిందనీ, మళ్లీ కనిపించలేదనీ వంశస్థులు చెప్పుకొన్నారు.

ఆ కాగితాలకు వెలుగు రావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. 1640 నవంబరులో పార్లమెంటు తిరిగి సమావేశమయింది. నెల తిరిగేసరికి విండ్‌బ్యాంక్ సముద్రం దాటి ఫ్రాన్సుకు పారిపోయాడు. కోక్ పత్రాలను వెదికి, కుమారుడు సర్ రాబర్ట్‌కు అప్పగించవలసిందని సభ పట్టుబట్టింది. 1641 మే 12వ తేదీన, రాజు ముఖ్య సలహాదారు స్ట్రాఫర్డ్ శిరచ్ఛేదం జరిగిన దినాననే, తండ్రి వ్రాతప్రతులను అచ్చు వేయించవలసిందిగా కామన్స్ సభ కోక్ వారసుని కోరింది. రెండవ భాగం 1642లోను, మూడు నాలుగు భాగాలు 1644లోను వెలువడ్డాయి. అప్పటికి రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం సాగుతూనే ఉన్నది.

కోక్ అటార్నీగా ఉన్ననాటి కాగితాలు కొన్ని లండనులోని క్యూ జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నవి. పార్లమెంటు భవనాన్ని మందుగుండుతో పేల్చివేయడానికి జరిగిన 1605 నాటి కుట్రలో ముద్దాయిలు ఇచ్చిన వాఙ్మూలాలు వాటిలో ఉన్నవి. చిత్రహింసల తరువాత గై ఫాక్స్ వంకరటింకరగా చేసిన సంతకం వాటిలో ఒకదాని మీద కనిపిస్తుంది. అంచుల వెంట కోక్ స్వహస్తంతో వేసిన అక్షరపు గుర్తులు కలవు. న్యాయస్థానంలో ఏ భాగం చదవాలో అవి సూచిస్తాయి. గుర్తు లేని వాక్యాలను ఆనాడు ముద్దాయిలు గాని, సభలో కూర్చున్నవారు గాని వినలేదు.